కల్పలత పేరు పక్కన పచ్చచుక్క

పోయిన వారం మనం దేవికను సికింద్రాబాదు కార్ఖానాలోని ఆఫీసు మూడో అంతస్తులో, బ్రహ్మచారి కుర్చీ వెనక నిలబెట్టి వచ్చేశాం. పాపం, అప్పట్నుంచీ అక్కడే నిలబడి ఉంది. చేతిలో కాఫీ మీద మీగడ కూడా కట్టేసింది.

ఏం చూసిందో గుర్తుందిగా! ఆ శుక్రవారం పొద్దుటి నుంచి, ఆఫీసు పాస్‌వర్డులు చూసుకునే దేవిక టీములో ఒక్కొక్కరినీ పిలిచి సింగిల్ సైన్ ఆన్‌లో చేరుస్తోంది. ఇన్నాళ్ళూ మెయిలుకో పాస్‌వర్డు, సెలవు అడగడానికో పాస్‌వర్డు, కస్టమర్ల ఫిర్యాదులు చూసే సాఫ్ట్‌వేర్‌కి ఇంకో పాస్‌వర్డు. అవన్నీ చీటీల మీద రాసి కీబోర్డుల కింద దాచుకునేవారు. సోమవారం నుంచి అన్నిటికీ ఒకటే తలుపు, మనిషికి ఒకటే తాళంచెవి. ఎవరి తాళంచెవి వాళ్ళే అందుకోవాలి. తమ మొబైల్‌కి వచ్చే అంకెలు తామే కొట్టాలి. సోమవారం పొద్దుటికి చేరనివాళ్ళ అకౌంట్లు మూతబడతాయి. వాళ్ళ పేర్లు మేనేజర్ దయాకర్ దగ్గరికి వెళతాయి. ఆయన దగ్గరికి వెళ్ళిన పేరు ఉద్యోగంలో మిగలడం కష్టమని ఆఫీసంతా చెప్పుకుంటారు.

అందరూ చేరారు. ఇంటి నుంచి పనిచేసే కల్పలత ఒక్కతే మిగిలింది. “ఎప్పుడు చేరతావక్కా?” అని దేవిక చాటింగులో అడిగి, కాఫీ కోసం లేచింది. కల్పలత పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది, అంటే మనిషి ఉన్నట్టే. “సోమవారం చూద్దాంలే” అని జవాబు వచ్చింది. ఆ జవాబు బ్రహ్మచారి వేళ్ళ కింద, బ్రహ్మచారి తెర మీద, ఒక్కో అక్షరమే పుట్టడం దేవిక కళ్ళారా చూసింది.

“ఏటిది, బ్రహ్మచారి గారూ?”

కోపం వచ్చినా భయం వేసినా దేవిక నోట అనకాపల్లి దొర్లిపోతుంది. మామూలప్పుడు ‘ఏమిటి’ అనే మనిషి.

బ్రహ్మచారి ఉలిక్కిపడలేదు. తెర మీది కిటికీ మూసేసి, కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. టీములో అందరికంటే పెద్దవాడు, అందరికీ అన్న. “జెర మెల్లగ, దేవికమ్మా. మెట్ల దిక్కు పోదాం పా” అన్నాడు.

ఈ ఆఫీసులో దేవికతో మనసు విప్పి మాట్లాడిన మనిషి కల్పలత ఒక్కతే. ఆ మనిషిని దేవిక ఎన్నడూ చూడలేదనుకోండి, అది వేరే సంగతి. పెళ్ళయి మల్కాజ్‌గిరి కాపురానికి వచ్చి, ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ భోజనాల బల్ల దగ్గర దేవిక కూర్చుంటే మాటలు ఆగిపోయేవి. పాస్‌వర్డుల పిల్ల వచ్చిందర్రా అన్నట్టు చూపులు మారేవి. నలుగురూ ఒకరి డబ్బాలో ఒకరు చేతులు పెట్టుకుని తింటుంటే, దేవిక చివరి కుర్చీలో తన ఆవపెట్టిన అరటికాయ కూర తానే తినేది. ఆ తరవాత సీటుకొచ్చి చూస్తే పచ్చచుక్క పలకరించేది. తిన్నావా? ఏం కూర? పెళ్ళిచీర ఏం రంగు? ఆ పలకరింపుతో దేవిక సాయంత్రం దాకా నెట్టుకొచ్చేది.

మెట్ల మీద బ్రహ్మచారి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“బోనాలప్పుడు కల్పలతకు మూతి వంకరబోయింది. పొద్దుగాల లేచి నీళ్ళు పుక్కిలిస్తే ఓ దిక్కుకెళ్ళి కారిపోయినయంట. ఒక కన్ను మూతవడ్తలేదు. నరం దెబ్బతిన్నది, కంప్యూటర్ ముట్టద్దన్నడు డాక్టరు. దయాకర్ సారు సంగతి నీకెరుకే. అన్ని రోజులు సెలవంటే ఇంకొకరిని తెచ్చుకుంట అంటడు. అందుకే ఇంటి నుంచి చేస్తదని చెప్పించినం. ఆమె పని మేం నలుగురం పంచుకున్నం. రెండు వారాల్లో మంచిగయితదనుకున్నం.”

“బతుకమ్మ కూడా వెళ్ళిపోయింది కదండీ!”

“గదే మరి. మంచిగైతే ఆమెనే చెప్తదనుకున్నం. చెప్పలే. మేం చేస్తనే ఉన్నం.”

“క్లయింట్లు ఫోన్లు చేస్తే?”

“మా నలుగురిల సుమిత్ర మాట్లాడుతది. ‘గొంతు పట్టేసింది’ అని షురూ చేస్తది. నాలుగు నెలల సంది పట్టేసే ఉన్నది.” నవ్వబోయి ఆపుకున్నాడు. “నెల నెలా పాస్‌వర్డు మార్చమని కంప్యూటర్ సతాయిస్తది కదా, నలుగురికీ యాదికుండాలని పండుగల పేర్లు పెట్టుకున్నం. బోనాలు, రాఖీ, గణేశ్, బతుకమ్మ. ఇప్పుడు దీపావళి నడుస్తున్నది.”

దేవికకు ఆ పండగలేవీ చెవిన పడటం లేదు.

“మరి నాతో మాట్లాడిందెవరండీ?”

బ్రహ్మచారి మెట్లకేసి చూశాడు.

“ఒక దినం నేను. ఒక దినం సుమిత్ర. ఎవరు లోపలుంటే వాళ్ళు.”

“పెళ్ళిచీర రంగు?”

“అది సుమిత్ర. చీరల సంగతి నాకేం ఎరుక తల్లీ? అరటికాయ కూర ఎట్ల జేస్తవని నేనడిగిన.” ఆగి, గొంతు తగ్గించాడు. “నువ్వు ఒంటరిగ తింటుంటే పానం ఉసూరుమంటుండె. మా దగ్గర కూసో అంటే, మా ముచ్చట్లల్ల కల్పలత సంగతి బయటపడ్తదని భయం. నువ్వు సారు మనిషివనుకున్నం.”

పక్క కుర్చీలో కూర్చుని మాట్లాడలేని నలుగురు, లేని మనిషి పేరు పెట్టుకుని తనను పలకరించారన్నమాట. ఏడవాలో నవ్వాలో దేవికకు తేలలేదు.

“ఇగ నీ చేతుల ఉన్నది” అన్నాడు బ్రహ్మచారి. “ఆమె పేరు ముంగట నా నంబరు పెట్టు. అంకెలు నాకొస్తయి, నేను కొడ్త. ఆమె నౌకరీ నిలవడ్తది. ఎవరికి తెలుస్తది?”

నిజమే, తెలియదు. ఒక్క నంబరు మారిస్తే చాలు. ఆ పేరు మీద పచ్చచుక్క ఎప్పటికీ వెలుగుతూనే ఉంటుంది. ఆ ‘ఎప్పటికీ’ అన్న మాట దగ్గర దేవిక మనసు ఆగింది.

“ఆవిడ్ని ఒకసారి అడగాలి కదండీ. రేపు వాళ్ళింటికి వెళ్తాను.”

“వద్దమ్మా. ఎవరినీ కలుస్తలేదంట.”

“మీరెవరైనా వెళ్ళారా?”

బ్రహ్మచారి కళ్ళజోడు మళ్ళీ తీసి తుడవడం మొదలుపెట్టాడు.

*

ఆ సాయంత్రం మల్కాజ్‌గిరిలో దేవిక బస్సు దిగేసరికి సందు మలుపులో భర్త యశ్వంత్ ఆఫీసు కారు నిలబడి ఉంది. అతనిది పరాయి దేశం వేళల్లో ఫోన్లెత్తే ఉద్యోగం. ఈవిడ గూటికి చేరే వేళకు ఆయన గూట్లోంచి ఎగురుతాడు. కారు దిగి, పరుగున వచ్చి, వెచ్చటి వేరుశెనక్కాయల పొట్లం చేతిలో పెట్టాడు.

“ఉడకబెట్టినవి. చిన్నవన్నీ నేను తినేశాను. రెండు గింజలవీ మూడు గింజలవీ నీకే ఉంచాను.”

చూడండి, ఇలాంటి మొగుడు దొరికితే ఏ ఆడపిల్లకైనా ఒళ్ళు పులకరించదూ! దేవికా నవ్వింది. “ఈ మలుపులోనే ఒక స్టవ్వు పెట్టేసుకుందాం, కాపురం ఇక్కడే చేసేద్దాం” అంది. అతను ఆమె జడలో వాడిన పువ్వొకటి తీసి జేబులో వేసుకున్నాడు. కారు హారన్ మోగింది. లోపలివాళ్ళు “చలో, మజ్నూ!” అని అరిచారు. ఎర్రదీపాలు రెండూ మూల తిరిగేదాకా దేవిక అక్కడే నిలబడింది.

ఇంట్లో దీపం వేస్తే గదంతా ఒక్కసారి ఖాళీగా కనిపించింది. అతని తువ్వాలు కుర్చీ మీద ఇంకా తడిగా ఉంది. ఒక్కదానికి అన్నం వండుకోబుద్ధి కాలేదు. మంచం మీద కాళ్ళు ముడుచుకుని వేరుశెనగలు వొలుచుకుంటూ, తను కల్పలతకు చెప్పిన కబుర్లన్నీ జ్ఞాపకం చేసుకుంది. అమ్మ ఈమధ్య ఫోన్లు తగ్గించిందని చెప్పింది. ఆదివారాలు ఆయన నిద్రపోతుంటే ఫ్యాను చప్పుడు వింటూ కూర్చుంటానని చెప్పింది. అది ఎవరు విన్నారు? బ్రహ్మచారా, సుమిత్రా? ‘నేనూ అంతేనే’ అని జవాబు రాసిందెవరు?

అక్కడ మారేడ్‌పల్లిలో నిజం కల్పలత ఈ వేళప్పుడు ఏం చేస్తూ ఉంటుందో అనుకుంది. ఆవిడతో ఎవరు మాట్లాడుతున్నారో!

*

శనివారం పదకొండింటికి దేవిక మారేడ్‌పల్లిలో ఆ ఇంటి సందు తిరిగేసరికి, గేటు ముందు స్కూటర్‌కి ఆనుకుని బ్రహ్మచారి కనిపించాడు. హ్యాండిల్‌కి బత్తాయిల సంచి.

“వచ్చారా! లోపలికి వెళ్ళలేదే?”

“గిప్పుడే వచ్చిన” అన్నాడు. నుదుటి మీద చెమట మాత్రం చాలాసేపటిది. “నువ్వు పో. నాకు మొహం చెల్లుత లేదు.”

ఈలోగా తలుపు తీసుకుని ఒక పెద్దావిడ వచ్చింది. కల్పలత తల్లి దేవమ్మ. చీర కొంగు నడుముకు దోపుకుని, గేటు గడియ మీద చెయ్యి వేసి, బ్రహ్మచారిని కిందినుంచి పైదాకా చూసింది.

“ఏంది చారీ, తొవ్వ యాదికొచ్చిందా? గంట సంది కిటికీలకెళ్ళి చూస్తున్న. వస్తవా, పోతవా అని నాలో నేనే పందెం కాసుకుంటున్న.”

“అది కాదు పెద్దమ్మా…”

“లోపలికి రా ముందుగాల. బండికి కాపలా ఏంది, దాన్నెవడెత్కపోతడు?” అని, దేవిక చెయ్యి పట్టుకుంది. “నువ్వెవరు బిడ్డా?”

“కల్పలత గారి ఆఫీసేనండీ. దేవిక.”

ఆ మాటకు దేవమ్మ ముఖం ఎంత వెలిగిందంటే, దేవికకు సిగ్గేసింది.

కల్పలత కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. చున్నీ ఎడమ చెంప మీదుగా చుట్టుకుంది. బ్రహ్మచారిని చూసి చున్నీ ఇంకాస్త ముందుకు లాక్కుంది.

“మా ఇల్లు ఇంకా గీడనే ఉన్నదన్నా” అంది. ‘మ’ దగ్గర పెదవి మూల నుంచి కొంచెం గాలి జారింది. అంతే, అంతకంటే ఏమీ లేదు.

దేవిక వచ్చిన పని చెప్పింది. కొత్త తాళంచెవి సంగతి, సోమవారం గడువు, బ్రహ్మచారి నంబరు పెట్టమన్న సంగతి కూడా దాచలేదు. కల్పలత అంతా విని, తల పక్కకు తిప్పుకుంది.

“ఆయన నంబరే పెట్టు. నా పని నేను లేకుంటెనే మంచిగ నడుస్తున్నది కదా.”

“అట్లంటవేంది కల్పా!” అన్నాడు బ్రహ్మచారి. “నీ కోసమే కదా చేసినం?”

“ఎరుకే. వినండ్రి జెర.” మెల్లగా, ఒక్కో మాటా కూడదీసుకుంటూ మాట్లాడింది. “రాఖీ పండుగకు రెండు దినాల ముంగట నా కన్ను మళ్ళ మంచిగ మూతవడ్డది. అద్దం ముంగట నిలవడి ఎంతసేపు మూసుకుంట తెరుసుకుంట ఉన్ననో! ఇగ పని షురూ చేద్దామని కంప్యూటర్ తెరిచి, మీరు అప్పుడు చెప్పిన ‘బోనాలు’ కొట్టిన. ‘ఈ పేరుతో ఇంకొకరు లోపల ఉన్నారు’ అన్నది. సాయంత్రం మళ్ళ కొట్టిన. గదే మాట. పండుగ తెల్లారి కొట్టిన. ఈపారి ‘మీ పాస్‌వర్డు తప్పు’ అన్నది.”



“దినాం కొట్టిన. తప్పు, తప్పు, తప్పు. నా కుర్చీల ఇంకొకరిని కూసోబెట్టిన్రనుకున్న. జీతం పడుతనే ఉన్నది. పాపమని పడేస్తున్రేమో, అడిగితే అది సుత ఆపుతరేమో అనుకున్న. వినాయకచవితి దాటినంక కంప్యూటర్ ముట్టుడే బంద్ చేసిన.”

బ్రహ్మచారి చేతిలోని బత్తాయిల సంచి నేల మీదికి జారింది. బోనాలు పోయి రాఖీ, రాఖీ పోయి గణేశ్. నలుగురూ బల్ల చుట్టూ చేరి నవ్వుకుంటూ కొత్త పండగ పేరు పెట్టుకున్న ప్రతిసారీ, ఆ అకౌంటు గల మనిషికి ఒక్కరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు. సుమిత్ర చెప్పి ఉంటుందని ఇతను, ఇతను చెప్పి ఉంటాడని సుమిత్ర.

“ఒక్క ఫోన్ చెయ్యకపోతివా!” అన్నాడు.

“ఏ నోటితోని చెయ్యాలన్నా? ‘హలో’ అంటే నాకే నా గొంతు పరాయిగుండె. నువ్వు చెయ్యకపోతివా?”

“నీకు తక్లీఫ్ అయితదని…”

“మంచిగున్నది!” అని దేవమ్మ బత్తాయిలు ఏరుతూ అందుకుంది. “నీకు తక్లీఫని వాళ్ళు, వాళ్ళకు తక్లీఫని నువ్వు. నడుమ నేను దినాం గేటు గడియ చప్పుడు వినుడు. పోస్టాయన వచ్చినా చాయ్ తాగి పో కొడుకా అంటున్న.”

కల్పలత నవ్వింది. నవ్వు ఒక పక్కకే సాగింది. సగం మూతి నవ్వినా, రెండు కళ్ళూ నవ్వాయి. అది చూసి దేవిక లోపల ఏదో వెచ్చబడింది. ఈవిడ ‘నేనూ అంతేనే’ అని తనకు ఎప్పుడూ రాయలేదు. అయినా ఆ మాట ఈవిడదే అనిపించింది.

“అక్కా” అంది దేవిక, కుర్చీ దగ్గరగా లాక్కుని. “నేను ఎవరి నంబరూ పెట్టను. మీ నంబరే పెడతాను. చేరతారో లేదో మీ ఇష్టం. చేరకపోతే సోమవారం మీ పేరు మూతబడుతుంది, నేనేం చెయ్యలేను. చేరితే మాత్రం ఇంకెవరూ మీ పేరుతో లోపలికి రాలేరు. ఈయన కూడా.”

“సోమవారం ఫోన్లు నేనే ఎత్తాలె కదా? ఈ మూతితోని?”

“ఎత్తాలండీ.”

“అబద్ధమన్నా చెప్పరాదా పిల్లా!”

“మన ఆఫీసులో నాకు చాలామంది చెప్పారక్కా. ఇక చాలు.”

 కల్పలత చున్నీ చెంప మీంచి తీసి మెడలో వేసుకుంది. “తియ్యి, నీ కంప్యూటర్” అంది.

దేవిక లాప్‌టాప్ తెరిచి డేటాకార్డు గుచ్చింది. కల్పలత పేరు కొట్టింది. కల్పలత మొబైల్ అలమరలో ఎక్కడో పాత చీరల కింద ఉంది. దేవమ్మ వెతికి తెచ్చి, ఛార్జింగు పెట్టి తీసేసరికి, ఆ చేతిలోనే అది కిచకిచమంది. తల్లీకూతుళ్ళిద్దరూ ఉలిక్కిపడ్డారు. ఫోన్‌కి అంకెలు వచ్చాయని అంత సంబరపడిన ఇల్లు సికింద్రాబాదు మొత్తంలో ఆవేళ ఇంకోటి ఉండదు. కల్పలత ఒక్కో అంకె గట్టిగా చదువుతూ కొట్టింది. కొత్త పాస్‌వర్డు పెట్టేటప్పుడు బ్రహ్మచారి తనంతట తానే లేచి గోడవైపు తిరిగాడు.

తెర మీద కల్పలత పేరు వచ్చింది. పక్కన పచ్చచుక్క.

“ఇక పాత పాస్‌వర్డుతో ఎవరున్నా బయటికి పోతారక్కా” అంది దేవిక. “ఇప్పుడెవరూ లేరనుకోండి. సుమిత్ర గారు యాదగిరిగుట్ట వెళ్ళారు. మిగతా ఇద్దరికీ శనివారం సెలవు. ఈయన ఇక్కడే ఉన్నారు.”

మాట పూర్తి కాకుండానే దేవిక ఫోన్ మోగింది. మేనేజర్ దయాకర్!  ఎత్తబోయే తొందరలో స్పీకర్ నొక్కుకుపోయింది.

“దేవికా, ఏం చేసినవ్? శనివారం, ఐతారం ఏదీ ముట్టద్దన్న కదా! పని నడుమ బయటికి తోసేసింది నన్ను!”

“మీ అకౌంట్ నిన్ననే చేర్చానండీ, సార్. అది బాగానే ఉండాలి.”

“నాది కాదు…” అని దయాకర్ గొంతు టక్కున ఆగింది.

బ్రహ్మచారి గోడ వైపు నుంచి మెల్లగా ఇటు తిరిగాడు. కల్పలత పాత పాస్‌వర్డు నలుగురికి తప్ప అయిదో మనిషికి తెలియదు. ఎవరికి తెలియకూడదని నాలుగు నెలలుగా దాక్కుంటూ తిరిగారో, ఆ మనిషికి అసలే తెలియదు!

“ఎందులోంచి తోసేసింది సార్?” అంది దేవిక. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

 ఈలోగా కల్పలత తెర మీదికి వంగి ఏదో చదువుతోంది. కస్టమర్ల ఫిర్యాదుల సాఫ్ట్‌వేర్ తనంతట తానే తెరుచుకుని, ఆమెను ఒక ప్రశ్న అడుగుతోంది: ‘కల్పలతా, మీరు మొదలుపెట్టిన తొలగింపు మధ్యలో ఆగిపోయింది. మిగతా ఫిర్యాదులు కూడా తీసేయమంటారా?’ కింద పొడుగ్గా ఫిర్యాదుల వరస. తీసేసిన సగం వాటి పక్కన టిక్కులు.

కల్పలత చెయ్యి చాచింది. దేవిక ఫోన్ ఇచ్చింది. నాలుగు నెలలుగా ఒక్క ‘హలో’ కూడా అనని మనిషి దాన్ని నోటి దగ్గర పెట్టుకుంది. పెదవి మూల నుంచి గాలి జారుతుంటే జారనిచ్చింది.

“సార్, నేను కల్పలతను. లోపల ఉన్నది నేను. నేనైతే ఏదీ షురూ చెయ్యలే. నా పేరు మీద మీరేం తుడిచేస్తున్నరు సార్?”